లార్గో అన్నాడు గానీ ఆగిపొమ్మనలేదుగా

స్వరకర్త షోపాన్ పియానోకి రాసిన చిన్న ముక్క ఇ మైనర్ ప్రెలూడ్, అదే ఆయన 28వ రచన (ఓపస్ 28)లో నాలుగోది, ఈ మధ్య ఎవరు వాయించినా జీడిపాకంలా సాగదీస్తున్నారు. మొత్తం కలిపి 25 బార్లు, అంటే తాళం గడులు. దాన్ని ఈడ్చి ఈడ్చి వాయించి, చివర్లో కళ్లు మూసుకుని కూర్చుంటే ‘ఆహా, ఎంత లోతు’ అనుకోవాలట. నాకైతే ఒళ్లు మండుతుంది.

పైన లార్గో, అంటే బాగా నిదానంగా, అని రాసి ఉందిగా అంటారు. ఉంది, కాదనను. దాంతో పాటు తాళం చెప్పే టైమ్ సిగ్నేచర్ దగ్గర నిలువు గీత కొట్టిన గుర్తు కూడా ఉంది. బార్‌కి రెండే బీట్లు అని దానర్థం. అంటే ఆ నిదానం అర బార్ నిలిచే హాఫ్ నోట్‌ది. మనవాళ్లేమో ఎడమచేతి ఎయిత్ నోట్లను ఒక్కొక్కటే లెక్కపెడుతూ బార్‌కి ఎనిమిది మేకులు దిగ్గొడతారు. షోపాన్ ఇక్కడ మెట్రోనోమ్ అంకె, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో, ఇవ్వలేదు, నిజమే. అలాగని మన ఇష్టారాజ్యమా?

ఈ తప్పు నేనూ చేశాను. నేర్చుకున్న కొత్తలో బాగా నిదానంగా వాయించి, ఫోన్లో రికార్డ్ చేసుకుని విన్నాను. కుడిచేతిలో బి నోట్ మూడు క్వార్టర్ల సేపు, అంటే ముప్పావు బార్, నిలబడాలి, తర్వాత చిన్న సి, మళ్లీ బి. నా రికార్డింగ్‌లో సి వచ్చేసరికే బి చచ్చిపోయింది. ఆ సి ఎవరో పక్కింట్లో నొక్కినట్టు వినిపించింది! పియానోలో సుత్తి తీగను కొట్టి వెనక్కి వచ్చేస్తుంది, అక్కణ్ణుంచి శబ్దం తగ్గడమే తప్ప పెరగడం లేదు. వయొలిన్ అయితే కమానుతో నిలబెట్టొచ్చు. ఇక్కడ ఎంత నెమ్మదిగా వెళ్లొచ్చో ఆ తీగే చెబుతుంది, వింటే.

‘షోపాన్ అంత్యక్రియల్లో వాయించారు కదా, బరువుగా ఉండాలి’ అని ఇంకో వాదన. 1849లో ప్యారిస్ మాడ్లెన్ చర్చిలో వాయించిన మాట నిజమే, కానీ ఆర్గన్ మీద. ఆర్గన్‌లో వేలు తీసేదాకా నోట్ తగ్గదు. అక్కడ ఎంత సాగదీసినా చెల్లుతుంది.

మైనర్ కీ కాబట్టి ఏడుపు అనడం కూడా బద్ధకమే. ఇదే ఇ మైనర్‌లో ఆయన రాసిన వాల్ట్జ్ ఒకటుంది, దాని టెంపో వివాచే, అంటే చురుగ్గా. మరి ఈ ప్రెలూడ్‌లో దిగులు ఎక్కడిది? ఎడమచేతిలోది. కార్డ్, అంటే కలిపి నొక్కే స్వరాలు, మొత్తం ఒకేసారి మారదు. ఒకసారి ఒక వేలు, ఇంకోసారి రెండు, ఎక్కువగా సెమిటోన్ (అన్నిటికన్నా చిన్న మెట్టు) చొప్పున కిందికి జారుతుంటాయి. తర్వాత ఏ వేలు జారుతుందో తెలియని ఆ టెన్షనే నాకు ఈ ముక్కలో ప్రాణం. మరీ నెమ్మదిగా వాయిస్తే ఆ జారుడే వినపడదు, విడివిడి కార్డ్‌లు మిగులుతాయి.

పదహారో బార్‌లో స్ట్రెట్టో అని స్పష్టంగా రాశాడు, తొందరపడమని. దాన్నీ మర్యాదగా దాటేసేవాళ్లున్నారు.

ఇక 23వ బార్‌లో మాట సగంలో తెగినట్టు ఒక కార్డ్, ఆ తర్వాత ఫెర్మాటా, అంటే కాసేపు ఆగమనే గుర్తు, పెట్టిన నిశ్శబ్దం. ఆ మధ్య ఒక కచేరీలో సరిగ్గా అక్కడే జనం చప్పట్లు కొట్టేశారు. వాయించేవాడు చిరాగ్గా చూశాడు. వాళ్ల తప్పేముంది? అప్పటికే పది చోట్ల అయిపోయినట్టే వాయించాడు. పాపం, మిగిలిన మూడు కార్డ్‌లూ ఆ చప్పట్ల మధ్యే కానిచ్చాడు.