యెమెన్‌లో ఇద్దరి పోటీ ఎక్కడ మొదలైంది?

గల్ఫ్‌లో ఉంటున్న మనవాళ్ల మధ్య యెమెన్ ప్రస్తావన వచ్చినప్పుడు, అది షియాలకూ సున్నీలకూ వందల ఏళ్లుగా ఉన్న పగ అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. సౌదీ అరేబియా, ఇరాన్‌ల పోటీకి ఇంత తేలికైన వివరణ దొరకడం హాయిగానే ఉంటుంది గానీ, అరవై ఏళ్ల కిందటి చరిత్ర దీనికి ఒప్పుకోదు.

1962 సెప్టెంబరు 26న యెమెన్ రాజధాని సనాలో అబ్దుల్లా అల్ సల్లాల్ నాయకత్వాన సైనికాధికారులు తిరగబడినప్పుడు, గద్దెనెక్కి వారమే అయిన ఇమాం (అక్కడ రాజుకు ఆ పేరే) ముహమ్మద్ అల్ బద్ర్ ఉత్తరాది కొండల్లోకి తప్పించుకుపోయాడు. ఆయన జైదీ, అంటే షియాలలోనే ఒక శాఖవాడు. కొత్త రిపబ్లిక్‌కు అండగా ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సైన్యాన్ని పంపితే, ఈ షియా ఇమాంకు డబ్బూ ఆయుధాలూ అందించింది సున్నీ సౌదీ రాజకుటుంబం! అప్పటి రాజు షా ఏలుబడిలోని ఇరాన్ కూడా అప్పట్లో అదే పక్షాన ఉంది. పొరుగున రాజరికం కూలితే ఆ గాలి తమ సింహాసనం దాకా వీస్తుందన్న భయం ముందు శాఖాభేదం అడ్డు కాలేదు. నాసర్ దళాలు ఒక దశలో 70 వేలకు చేరి, విషవాయువు ప్రయోగించి కూడా ఆ కొండలను లొంగదీయలేకపోయాయి. 1967 జూన్‌లో ఇజ్రాయెల్ చేతిలో ఓడిన తరువాత, ఆగస్టులో సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో నాసర్ సౌదీ రాజు ఫైసల్‌తో ఒప్పందానికి వచ్చాడు. సల్లాల్ దాన్ని వ్యతిరేకించాడు; నవంబరుకల్లా పదవి కోల్పోయాడు. 1970లో సౌదీ ఆ రిపబ్లిక్‌నే గుర్తించింది.

2015 మార్చిలో సౌదీ విమానాలు బాంబులు కురిపించిన హౌతీలు అనే తిరుగుబాటుదారులు కూడా జైదీలే, ఆ ఉత్తరాది కొండలవారే. వారితో 2004 నుంచి 2010 దాకా విడతలు విడతలుగా పోరాడిన అధ్యక్షుడు అలీ అబ్దుల్లా సాలెహ్ సైతం జైదీయే. పదవి పోయాక వారితోనే చేతులు కలిపి, 2017 డిసెంబరులో వారి చేతిలోనే హతమయ్యాడు. హౌతీలకు ఇరాన్ ఆయుధ సాయం ఉన్నమాట నిజమే, ఉత్తర యెమెన్‌లోని సాదా అనే ప్రాంతంలో సలఫీల (ఛాందస సున్నీల) ప్రచారం వారిని రెచ్చగొట్టిన మాటా నిజమే. అయినా సనా పాలకుల నిర్లక్ష్యంపై స్థానికంగా రగిలిన అసంతృప్తిని టెహ్రాన్ వాడుకుంది తప్ప పుట్టించలేదని నా అభిప్రాయం.

ఈ యుద్ధం మనకు దూరమైనది కాదు. 2015లో ఆపరేషన్ రాహత్ ద్వారా మన ప్రభుత్వం 4,600 మందికి పైగా భారతీయులను యెమెన్ నుంచి తరలించింది. 2022 జనవరిలో అబుదాబిపై హౌతీలు జరిపిన దాడిలో ఇద్దరు భారతీయులు మరణించారు. యెమెనీల నష్టం దీనితో పోల్చదగ్గది కాదు. 2021 చివరికి మృతుల సంఖ్య 3,77,000కు చేరుతుందని, వారిలో అరవై శాతం దాకా ఆకలి, వ్యాధుల వంటి కారణాలవల్ల పోయినవారేనని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ అంచనా వేసింది. 2023 మార్చి 10న సౌదీ, ఇరాన్ బీజింగ్‌లో రాజీకి వచ్చి రాయబార కార్యాలయాలు తిరిగి తెరవడానికి అంగీకరించాయి. ఆ పత్రంపై చైనా సంతకం కూడా ఉంది, యెమెనీలది మాత్రం లేదు.