సవరణ: వాడెల్ మొదలుపెట్టింది సొసైటీ కాదు, క్లబ్బు

ఐర్లండ్ మతగురువు కాస్లెట్ హెర్బర్ట్ వాడెల్ (1858–1919) 1896లో బ్రిటిష్ బ్రయలాజికల్ సొసైటీని (నాచు మొక్కలను అధ్యయనం చేసేవారి సంఘం) స్థాపించారని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. ఆ ఏడాది ఆయన మొదలుపెట్టింది మాస్ ఎక్స్ఛేంజ్ క్లబ్, అంటే నాచు మార్పిడి క్లబ్బు. అదే 1923లో సొసైటీగా మారింది, అప్పటికి ఆయన పోయి నాలుగేళ్లు. సొసైటీ ప్రచురించిన సొంత చరిత్రలోనే ఈ క్రమం ఉంది.

పేరు తేడాయే కదా అనుకోవద్దు. క్లబ్బు పనే వేరు: సభ్యులు తాము సేకరించిన నాచు నమూనాలను పంపాలి, బదులుగా ఇతరుల నమూనాలు అందుకోవాలి.

నమూనాలను పూలమొక్కల్లా బరువు కింద గట్టిగా నొక్కి ఆరబెట్టాలని నేనన్నట్టు కొందరు చదువుకున్నారు. వద్దు. అలా చేస్తే నాచు బీజాలుండే చిన్న తిత్తులు, అంటే బీజకోశాలు, నలిగిపోతాయి. చాలా జాతులను గుర్తుపట్టేది ఆ కోశం మూత, దాని కింద ఉండే పళ్ల వరస చూసే. మట్టి దులిపి, కాగితం పొట్లంలో వదులుగా పెట్టి నీడన గాలికి ఆరనివ్వాలి. ప్లాస్టిక్ కవరైతే చెమ్మ నిలిచి బూజు పడుతుంది. స్థలం, తేదీ, రాయి మీదా చెట్టు బెరడు మీదా అన్నది పొట్లం మీదే రాయాలి. విడి చీటీ జారిపోతుంది. ఎండి ముడుచుకున్నా ఫర్వాలేదు, చుక్క వేడినీళ్లు వేస్తే చాలా జాతుల ఆకులు నిమిషాల్లో విచ్చుకుంటాయి. వందేళ్ల పాత పొట్లాలను కూడా ఇలాగే పరిశీలిస్తారు.