గడప బయటివాడి విన్నపం

పెద్ద పెట్టుబడులకు అర్హుడని చాటే మహారాజశ్రీ అక్రెడిటెడ్ ఇన్వెస్టర్ ధ్రువపత్రం గారికి, బెంగళూరు మారతహళ్లి నుంచి తమ గడప తొక్కలేనివాడు వ్రాయునది. ఉభయకుశలోపరి.

2021లో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మిమ్మల్ని తెచ్చినప్పటి నుంచి మీ దర్శనానికి ఎదురుచూస్తున్నాను. మీరు దక్కాలంటే ఏడాదికి 2 కోట్ల ఆదాయం ఉండాలి, లేదా 7.5 కోట్ల ఆస్తి, అందులో సగం డిపాజిట్లు, షేర్ల రూపంలో. ఆదాయం కోటే అయితే 5 కోట్ల ఆస్తితో సరిపెట్టుకుంటారట. ఎంత దయ! మీరు దగ్గరుంటే ప్రైవేటు ఫండులో కోటి కంటే తక్కువ పెట్టినా ఒప్పుకుంటారు. మీరు లేనివాడు మాత్రం కనీసం కోటి తేవాలి. ఉన్నవాడికి తగ్గింపు, లేనివాడికి పూర్తి టికెట్టు!

నా ఉద్యోగం ఆ ఫండ్లు డబ్బు పెట్టే కంపెనీల విలువ కట్టడం. అప్పు ఏ పేజీ అడుగున దాక్కుందో చెప్పగలను. ఆ ఫండు మాత్రం కొనలేను. దేవనహళ్లి దగ్గర పొలం అమ్మి డబ్బు బ్యాంకులో వేసుకున్న మా ఇంటి యజమాని కొనగలరు. మొన్న అద్దె ఇవ్వబోతే ఒక ఫండు కాగితాలు నా చేతిలో పెట్టి, "ఇది బీమానా బాబూ?" అన్నారు. గంటసేపు చెప్పాను. కాఫీ ఇచ్చారు, మంచి కాఫీ.

మాలాంటివాళ్లను నష్టం నుంచి కాపాడడానికే ఈ కట్టుబాటు అంటారు. మంగళవారం మధ్యాహ్నం మా ఆంధ్రా మెస్సుకు రండి. నా రూమ్మేటు స్టీలు గ్లాసుకు ఫోను ఆనించి ఆప్షన్లు, అంటే షేర్ల ధరలపై పందెం లాంటి ఒప్పందాలు, చూస్తుంటాడు. అంకెలు ఎర్రబడేసరికి వేళ్లకు గోంగూర ఎండిపోయి ఉంటుంది, ముద్ద నోటిదాకా రాదు. 6 నెలల బ్యాంకు స్టేట్‌మెంటు చూపితే వాడికి ఆ తలుపు తెరిచారు. 2021-22 నుంచి మూడేళ్లలో అక్కడ వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం మీద 1.8 లక్షల కోట్లకు పైగా పోయిందని సెబీయే లెక్క తేల్చింది. ఆ గుమ్మం దగ్గర తమరి కాపలా ఏదీ?

అమెరికాలో మీ అన్నగారు 2020లో కాస్త మెత్తబడ్డారు. ఆస్తి లేకున్నా, పెట్టుబడి సలహాదారుల పరీక్ష రాసి తెచ్చుకునే సిరీస్ 65 వంటి లైసెన్సు ఉంటే రానిస్తున్నారు. మీరూ పరీక్ష పెట్టండి స్వామీ. పొద్దున ప్రకటిస్తే సాయంత్రానికి అమీర్‌పేటలో కోచింగు బోర్డు లేస్తుంది.

యజమాని మళ్లీ పిలుస్తున్నారు. రెండో ఫండు కాగితాలు వచ్చాయట. సెలవు.

ఇట్లు,
కాఫీకి మాత్రం అర్హుడు