డాబా మీద డీమ్యాట్

షేర్లలో పెడితే డబ్బు పోతుందని అందరూ భయపెడతారు. పోవాలన్నా ముందు లోపలికి రానివ్వాలి కదా! నా గొడవంతా గుమ్మం దగ్గరే.

మా తోడికోడలు ఏడాదిగా నా బుర్ర తింటోంది. "అక్కా, ఏడో తరగతి పిల్లలకు లాభనష్టాల లెక్కలు చెప్తావు, నీ ట్యూషన్ డబ్బులు మాత్రం సేవింగ్స్ ఖాతాలో మగ్గబెడతావు" అని. షేర్లు కొనే, అమ్మే ఎన్ఎస్ఈ అనే ఎక్స్ఛేంజ్ ముంబైలో బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లో ఉంటుందనీ, 1994లో మొదలైన రోజు నుంచీ అక్కడ కేకలూ చేతి సైగలూ లేవనీ, అంతా కంప్యూటర్ల మీదేననీ, కాబట్టి నేను ఎక్కడికీ వెళ్లక్కర్లేదనీ చెప్పింది. షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ సెబీ దగ్గర రిజిస్టరైన బ్రోకర్ యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకుంటే చాలట. "మొదట్లో ఏ ఒక్క కంపెనీ జోలికీ పోకు. నిఫ్టీ బీస్ అనే ఫండు ఒక్క యూనిట్ కొను, మూడొందలకు అటూ ఇటూగా వస్తుంది. పెద్ద కంపెనీలు యాభై అందులోనే ఉంటాయి. ఇవాళ కొంటే రేపటికి నీ డీమ్యాట్‌లో, అంటే కాగితాల్లేకుండా కంప్యూటర్లో షేర్లు దాచుకునే ఖాతాలో పడుతుంది. ఖాతా తెరవడం పావుగంట పని" అంది. ఆ పావుగంట మొన్న ఆదివారం మధ్యాహ్నం మొదలైంది. ఇవాళ మంగళవారం, ఇంకా అవలేదు.

మా మామగారు ముందే హెచ్చరించారు. ఆయన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ రోజుల మనిషి. 1943లో పుట్టిన ఆ ఎక్స్ఛేంజ్ గుర్తింపు 2007లో పోయింది గానీ, ఆయన ట్రంకుపెట్టెలో ఆనాటి షేర్ కాగితాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. అమ్ముకోవడానికి లేదు. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లు చేతులు మారవు, ముందు డీమ్యాట్ చేయించుకోవాలి. చేయించబోతే పాత సంతకానికీ ఇప్పటి సంతకానికీ పొంతన లేదన్నారట. "నా సంతకం నాది కాదన్నారమ్మా వాళ్లు. నీ ముఖం నీది కాదంటారేమో చూసుకో" అన్నారు. పెద్దాయన నోటి మహిమ.

పాన్ నంబర్ కొట్టగానే యాప్ నన్ను పేరు పెట్టి పలకరించింది. ఆధార్ చూపించగానే ఈమె ఎవరో వేరే మనిషంది. పాన్‌లో నాకు పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటాక ఒక ఫోన్ వచ్చి నన్ను అటో ఇటో తేల్చుకోమంటే ఏం చెయ్యను? ఆ ముచ్చట వేరే రాయాలి. మొత్తానికి పెళ్లి సర్టిఫికెట్ ఫొటో తీసి పంపాక ఒప్పుకుంది.

ఆ తర్వాత ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్, అంటే ముందు ముందు ధర ఎటు పోతుందన్న దాని మీద పందెం లాంటి ఒప్పందాలు, కూడా కావాలా అని అడిగింది. ఆ పేజీలో చిన్న అక్షరాలతో, ఈ విభాగంలో ట్రేడింగ్ చేసే పదిమంది వ్యక్తుల్లో తొమ్మిదిమంది నష్టపోతున్నారని హెచ్చరిక ఉంది. సెబీ పెట్టించిన హెచ్చరిక అది. సరిగ్గా దాని కిందే, అరచేయంత బటన్ మీద ఇప్పుడే మొదలుపెట్టండి అని ఉంది. లెక్కల టీచర్ని కాబట్టి పదిలోంచి తొమ్మిది తీసేసి, ఆ మిగిలిన ఒక్కరినీ నేను కానని తేల్చుకుని, వద్దని నొక్కాను. "నిజంగానే వద్దా?" అని మళ్లీ అడిగింది. పెళ్లిభోజనంలో వడ్డించేవాళ్లు కూడా ఇంత బలవంతం చెయ్యరు.

బ్యాంకు ఖాతా నాదేనా అని చూడ్డానికి అందులో ఒక రూపాయి వేసింది. ఇప్పటివరకూ షేర్ మార్కెట్లో నా సంపాదన అదే. సంతకం, నామినీ కూడా అయిపోయాయి. ఇక మిగిలింది వీడియో.

ఈ వీడియో సంగతి కాస్త చెప్పాలి. ఒకప్పుడు ఖాతా తెరవాలంటే బ్రోకర్ తరఫు మనిషి ఎదురుగా కూర్చుని మన ముఖం, మన కాగితాలు చూసుకునేవాడట. కాఫీ ఇస్తే తాగేవాడు కూడా అని మా ఆయన అంటారు. 2020 ఏప్రిల్‌లో, కరోనా మూలంగా జనం ఇళ్లలో ఉన్నప్పుడు, ఆ చూసుకోవడమేదో యాప్ వీడియోలో కానివ్వచ్చని సెబీ అంది. షరతులు పెట్టింది. మనిషి నిజంగా బతికున్నట్టు, అప్పటికప్పుడు కెమెరా ముందు ఉన్నట్టు తెలియాలి, పాత వీడియో ఆడించకూడదు. మనిషి ఇండియాలోనే ఉన్నట్టు లొకేషన్ నమోదవాలి. బాగానే ఉంది. నేను బతికే ఉన్నాను, నిజాంపేటలోనే ఉన్నాను. ఈ రెండూ రుజువు చేసుకోవడం ఎంతసేపని హాల్లో సోఫాలో కూర్చుని మొదలుపెట్టాను.

వెలుతురు చాలదంది. ట్యూబ్‌లైట్ వేశాను. నీడ పడుతోందంది. బాల్కనీలోకి వెళ్తే వెనకాల ఆరేసిన బట్టలున్నాయి, నేపథ్యం ఖాళీగా ఉండాలంది. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా "డాబా మీదకి వెళ్లు, అక్కడ ఆకాశం తప్ప ఏమీ ఉండదు" అన్నారు.

ఆయన డాబా ఎక్కి ఎన్నాళ్లయిందో గానీ, ఎండాకాలంలో మా అపార్టుమెంటు డాబా మీద ఆకాశం తప్ప అన్నీ ఉంటాయి. ఆ రోజు మూడో అంతస్తు పిన్నిగారి గుమ్మడి వడియాలు రెండు పాత చీరల మీద పరిచి ఉన్నాయి. నాలుగు మూలలా ఇటుకలు, కాకులు రాకుండా ఒక నల్ల గుడ్డ. వాటి పక్కనుంచి నడిచి, వాటర్ ట్యాంకు తెల్లగోడకు ఎదురుగా నిలబడ్డాను. అంటే గోడ నా వెనకుండాలి కదా, అందుకని వీపు గోడవైపు, ముఖం ఎండకి, చేతిలో ఫోన్.

తెర మీద ఒక గుండ్రటి గీత. అందులో నా ముఖం ఇమడాలి. దగ్గరగా ఉన్నారు, దూరం జరగండి అంది. చెయ్యి చాచాను. ఇంకా దూరం అంది. దేవుడిచ్చిన చెయ్యి అంతే ఉంది! అందుకని ఫోన్‌ని ట్యాంకు ఎదుటి పిట్టగోడ మీద, ఎవరో వదిలేసిన పూలకుండీకి ఆనించి నిలబెట్టి, నేను వెనక్కి జరిగాను. దూరంగా ఉన్నారు, దగ్గరికి రండి అంది. రెండడుగులు ముందుకేశాను. కుడివైపు తల తిప్పమంది. తిప్పాను. ఎడమవైపు. తిప్పాను. కళ్లు ఆర్పమంది. ఆ ఎండలో నేను కళ్లు ఆర్పుతూనే ఉన్నాను, తెరిచి ఉంచడమే కష్టంగా ఉంది, అయినా గుర్తించదు. నవ్వమంది. నవ్వాను. ఖాళీ డాబా మీద, మిట్టమధ్యాహ్నం, పూలకుండీని చూసి పళ్లన్నీ కనబడేలా. నవ్వు కనబడలేదంది.

పక్క అపార్టుమెంటు బాల్కనీలో ఒకాయన పళ్లు తోముకుంటున్నాడు. ఆదివారం కదా, ఆయనకు అప్పుడే తెల్లారింది. నా నవ్వు యాప్‌కి కనబడలేదు గానీ ఆయనకు కనబడింది. లోపలికి వెళ్లిపోయాడు. ఒక్క నిమిషంలో భార్యతో సహా తిరిగొచ్చాడు.

అప్పుడు తెర మీద నాలుగంకెలు వచ్చాయి. వాటిని తెల్లకాగితం మీద రాసి, ఛాతీ దగ్గర పట్టుకుని, కెమెరాకేసి చూస్తూ గట్టిగా చదవాలట. కాగితం ముందే తెచ్చుకున్నాను, పెన్ను మర్చిపోయాను. కిందకి పరిగెత్తి పైకొచ్చేసరికి అంకెలు మారిపోయాయి. కొత్త అంకెలు రాసుకుని, స్టేషన్లో పలక పట్టించి ఫొటో తీయించుకునే నేరస్థుడి ఫోజులో నిలబడి మొదలుపెట్టాను. "ఎనిమిది... ఒకటి..."

గట్టిగా చదవండి అంది.

"ఎనిమిదీ! ఒకటీ!"

ఇక్కడ మా వాచ్‌మన్ గురించి చెప్పాలి. ఆ మధ్య మా అపార్టుమెంట్లో ఎవరో ఫోన్లో మాటలు చెప్పి ఒకరి డబ్బు లాగేస్తే, సెక్రటరీ గారు అందరినీ సెల్లార్లో కూర్చోబెట్టి సైబర్ మోసాల మీద క్లాసు పీకించారు. ఓటీపీ కన్నతల్లి అడిగినా చెప్పకూడదు, ఎవరైనా చెప్తుంటే మీరైనా ఆపండి, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. అపార్టుమెంటు మొత్తంలో ఆ క్లాసు శ్రద్ధగా విన్నది వాచ్‌మన్ ఒక్కడే. మిగతా అందరం సమోసాల కోసం చూస్తున్నాం. ఆ నంబరు లిఫ్టు పక్కన చాక్‌పీస్‌తో రాసింది కూడా అతనే.

సరిగ్గా ఆ వాచ్‌మనే మోటారు కట్టేశాక ట్యాంకు నిండిందో లేదో చూడ్డానికి మెట్లెక్కి వస్తున్నాడు. వస్తూ విన్నదేమిటంటే, అయిదో అంతస్తు టీచరమ్మ మండుటెండలో ఒంటరిగా నిలబడి, ఫోన్‌కి అంకెలు అరిచి చెబుతోంది.

"అమ్మా! చెప్పొద్దమ్మా! చెప్పొద్దు!"

ఆ కేకకి ఉలిక్కిపడి ఒక్క అంగ వెనక్కి వేశాను. కాలి కింద కరకరమంది. సగం ఎండిన వడియం పైన గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. మడమకి అంటుకుంటే అంత తొందరగా వదలదు. నేను ఒంటికాలి మీద నిలబడి, ఇంకా కాగితం ఛాతీకి పట్టుకునే ఉన్నాను. ఎందుకంటే యాప్ 'కదలకండి' అంటోంది. వాచ్‌మన్ ఒక్క ఉదుటున పిట్టగోడ దగ్గరికెళ్లి, పూలకుండీకి ఆనించిన ఫోన్‌లోకి వంగి, "ఎవడ్రా నువ్వు? పోలీసులకి చెప్తా!" అన్నాడు.

గుండ్రటి గీత నిండా వాచ్‌మన్ ముఖం. ముఖం సరిగ్గా అమరిందని యాప్ టిక్కు పెట్టింది. నేను తల తిప్పి, కళ్లార్పి, పళ్లికిలించి సాధించలేనిది!

"బాబూ, అది దొంగ కాదు, యాప్" అన్నాను.

"దొంగలు అట్లనే చెప్పమంటరమ్మా. సార్ క్లాసులో చెప్పిండు" అన్నాడు. తప్పు పట్టడానికి లేదు. క్లాసులో అలాగే చెప్పారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లూ, పోలీసులూ పొద్దున్నుంచి రాత్రిదాకా మొత్తుకుంటారు. ఆ పక్కనే ఈ యాప్, అంకెలు పలక మీద రాసి ఊరందరికీ వినబడేలా అరవమంటుంది. ఇది ఓటీపీ కాదు, వెరిఫికేషన్ కోడ్ అట. తేడా ఏమిటో ముంబైలో ఏసీ గదిలో కూర్చుని ఈ యాప్ తయారుచేసినవాడు వచ్చి మా వాచ్‌మన్‌కి చెప్పాలి.

ఈలోగా సెక్రటరీ గారు పైకొచ్చారు. ఆయనకి ఫోన్ చేసింది పక్క బాల్కనీ దంపతులు. పిన్నిగారు వచ్చారు. ఆవిడకి ఎవరూ ఫోన్ చెయ్యలేదు, వడియాలు విరిగితే ఆవిడకి తెలిసిపోతుందంతే. సెక్రటరీ గారు "డబ్బు ఎంత పోయిందమ్మా?" అని అడిగారు. పోలేదండీ, ఒక రూపాయి వచ్చింది అన్నాను. ఆయన వాచ్‌మన్ వంక చూశారు. వాచ్‌మన్ "మొదట ఒక రూపాయి వేస్తరు సార్, తర్వాత మొత్తం గుంజుతరు" అన్నాడు. క్లాసులో అది కూడా చెప్పారట.

ఎలా కిందకి దిగానో రాయను.

వడియాలకు డబ్బిస్తానంటే పిన్నిగారు నొచ్చుకున్నారు. "మన మధ్య డబ్బేమిటే" అంటూనే, బజార్లో ఇప్పుడు కిలో ఎంతుందో, అందులో ఇంగువ కూడా వెయ్యరనీ వివరంగా చెప్పారు. ఇచ్చాను. ఆ డబ్బుకి నిఫ్టీ బీస్ ఒక యూనిట్ వచ్చి, కొసరు కూడా మిగిలేది. తోడికోడలికి ఫోన్ చేస్తే ముందు పది నిమిషాలు నవ్వి, "అక్కా, నేను మా బెడ్‌రూమ్ కిటికీ దగ్గర నిలబడి చేశాను, ఒక్కసారికే అయిపోయింది" అంది. ఈ ముక్క ఆదివారం పొద్దున చెప్పి ఉండొచ్చు.

నిన్న మధ్యాహ్నం, మార్కెట్ మూసే మూడున్నరకి కాస్త ముందు, యాప్ వాళ్ల కస్టమర్ కేర్ నుంచి ఫోన్. వీడియో తనంతట తనే అప్‌లోడ్ అయిపోయిందట. అబ్బాయి తెలుగులోనే, చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మేడమ్, మీ వీడియో రివ్యూలో ఆగింది. అందులో ఎవరో మిమ్మల్ని చెప్పొద్దు చెప్పొద్దని బెదిరిస్తున్నారు. మీరు ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. మీ ఇష్టంతోనే ఖాతా తెరుస్తున్నారా? ఎవరైనా బలవంతం చేస్తున్నారా?"

నా ఇష్టంతోనే బాబూ అన్నాను. అయితే ఆ మాటే రాతపూర్వకంగా కావాలట. వీడియోలో కనబడిన రెండో వ్యక్తి వివరాలు కూడా. లింకు పంపాడు. పొద్దున్నుంచి నింపుతున్నాను. రెండో వ్యక్తితో మీకున్న సంబంధం అనే గడిలో తండ్రి, తల్లి, భర్త, కొడుకు, కూతురు అని అయిదే ఉన్నాయి. ఏదో ఒకటి ఎంచుకోనిదే ముందుకు కదలనంటోంది.