‘అదే రాత్రి అరెస్ట్’ అన్న మెసేజ్ గురించి

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. చిన్ననాటి స్నేహితుల గ్రూపులో, బెంగళూరు కుందలహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూపులో, చివరికి మా బావగారి దగ్గర్నుంచి కూడా. ‘భార్య ఫిర్యాదిస్తే చాలు, అదే రాత్రి భర్తనీ అత్తమామల్నీ లోపలేస్తారు. ఆడవాళ్ల జోలికి మాత్రం పోరు. శిక్షలు పడట్లేదు కాబట్టి అన్నీ దొంగ కేసులే.’

ఆడవాళ్ల జోలికి పోరా? అత్తని లోపలేస్తారని మీరే రాశారు కదా!

శిక్ష పడలేదంటే దొంగ కేసని కాదు. మధ్యలో రాజీపడి సాక్ష్యం చెప్పకుండా ఆగిపోయేవాళ్లు ఎంతోమంది.

ఇక అసలు సంగతి, ‘అదే రాత్రి’. భార్యని భర్తా, అత్తింటివాళ్లూ హింసించడం మీద ఉన్న సెక్షన్ 498ఎ కింద (ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్‌లో సెక్షన్ 85) పడే శిక్ష గరిష్ఠంగా మూడేళ్లు. ఇలా తక్కువ శిక్ష ఉన్న కేసుల్లో ఫిర్యాదు వచ్చిందని యాంత్రికంగా అరెస్ట్ చేయొద్దని, ఎందుకు అవసరమో కారణాలు రాయాలని, అక్కర్లేకపోతే నోటీసిచ్చి పిలవాలని 2014 జులైలోనే అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాటించని పోలీసు మీద కోర్టు ధిక్కారం కింద చర్య ఉంటుందని కూడా అంది. ఇక 2005 గృహహింస చట్టంలో ముందు ఇచ్చేది రక్షణ ఉత్తర్వు, దాన్ని మీరితేనే జైలు.

ఇంత కోపం ఎందుకంటే, మా పిన్ని కూతురు ఇలాంటి మెసేజే నమ్మి ఎనిమిది నెలలు దెబ్బలు తింది. ‘అక్కా, నేను ఫిర్యాదిస్తే ఆయన్ని జైల్లో వేస్తారంట, ఉద్యోగం పోతే పిల్లల ఫీజులెట్లా’ అనేది. చివరికి వాచిన చెంపతో స్టేషన్‌కి పోతే సాయంత్రం దాకా కూర్చోబెట్టి, సర్దుకుపొమ్మని ఇంటికి పంపారు. అరెస్ట్ మాట దేవుడెరుగు, ఫిర్యాదు కాగితం కూడా తీసుకోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కర్ణాటకలో పెళ్లయిన ఆడవాళ్లలో 44 శాతం మంది భర్త చేతిలో హింస చూశామన్నారు. వాళ్లలో ఎంతమంది చేతుల్లోకి ఈ మెసేజ్ పోయిందో ఆలోచించారా?

ఒకటి ఒప్పుకుంటాను. 2014కి ముందు మంచం పట్టిన ముసలివాళ్లనీ, విదేశాల్లో ఉన్న ఆడపడుచులనీ కేసుల్లోకి లాగిన మాట నిజం, ఆ తీర్పులోనే ఉంది. భార్య చేతిలో దెబ్బలు తిన్న మగవాడికి గృహహింస చట్టం కింద రక్షణ అడిగే దారి లేదు, అతను స్టేషన్‌కి పోతే నవ్వుతారు కూడా. అది అన్యాయమే. బావగారూ, దానిమీద అర్జీ రాయండి, మొదటి సంతకం నాదే. ఈ మెసేజ్ మాత్రం మా చెల్లెలికి పంపకండి.