ఇద్దరు కలిసి పట్టిన పనిలో రెండోవాడు బద్ధకస్తుడా?

వరి కోతలు మొదలైతే చాలు, మా శ్రీకాకుళం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు మళ్ళీ తిరుగుతుంది. సారాంశం ఇది: "రింగెల్‌మాన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త తాడు లాగించి చూశాడు. పక్కన ఇంకొకడుంటే మనిషి తన బలంలో సగమే వాడతాడు. కారణం బద్ధకం. అందుకే ఇద్దరిని పెడితే ఒకడు చెప్పాలి, ఒకడు వినాలి. పని వచ్చినవాడిని రానివాడితో కలపకూడదు." కళ్ళాల దగ్గర, రైస్ మిల్లుల దగ్గర మనుషుల్ని తగ్గించడానికి దీన్ని సాక్ష్యంగా చూపిస్తున్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు చెప్పాలనిపించింది.

ముందు ఆ "సగం" సంగతి. మాక్స్ రింగెల్‌మాన్ వ్యవసాయ ఇంజనీరు. 1880ల్లో తీసుకున్న కొలతల్ని 1913లో ప్రచురించాడు. ఆయన పట్టికలో ఒంటరిగా లాగినవాడి బలం 100 అనుకుంటే, ఇద్దరైనప్పుడు తలా 93, ముగ్గురైతే 85. సగానికి, అంటే 49కి పడేది ఎనిమిది మంది దగ్గర. ఎనిమిది మంది అంకె తెచ్చి ఇద్దరికి అంటగట్టారు. ఇద్దరు లాగితే ఒక్కడి బలానికి 1.86 రెట్లు వచ్చిందని అదే పట్టిక చెబుతోంది.

"కారణం బద్ధకం" అనే మాట ఇంకా అన్యాయం. రింగెల్‌మాన్ ప్రధానంగా చెప్పిన కారణం వేరు: అందరి లాగుడూ ఒకే క్షణంలో పడదు. మన బెస్తవాళ్ళు ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు "హైలెస్సా" అనేది ఆ క్షణం కలవడానికే. పక్కవాడు చూసుకుంటాడులే అనే ధోరణి గురించీ ఆయన రాశాడు, అదీ లేకపోలేదు. 1974లో ఇంగమ్ బృందం కళ్ళకు గంతలు కట్టి, వెనక ఇంకొందరు లాగుతున్నారని నమ్మించి ఒక్కరి చేతే లాగించినప్పుడు బలం కొంత తగ్గింది. అయితే 1981లో విలియమ్స్, హార్కిన్స్, లటానే మనుషుల చేత అరిపించి చూస్తే, ఎవరి వంతు ఎంతో విడిగా తెలిసిపోతుందని అనుకున్నవాళ్ళు గుంపులోనూ తగ్గలేదు. ఇద్దరే ఉన్న పనిలో ఎవరి వంతు ఎంతో దాగుతుందా? తాడు పట్టుకున్న చేతికే తెలిసిపోతుంది.

గూడ వేయడం గుర్తున్నవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మోటార్లు వచ్చాక గూడలు దాదాపు కనబడడం లేదు కాబట్టి, చూడనివాళ్ళ కోసం చెబుతాను. గూడ అంటే గుంటలో నీళ్ళు కాలువలోకి తోడే బుట్ట. నీళ్ళ గుంటకి చెరో పక్క ఇద్దరు నిలబడతారు. ఒక్కొక్కరి చేతిలో రెండు తాళ్ళు, ఒకటి గూడ అంచుకి, ఒకటి అడుగుకి. తాళ్ళు వదులు చేసి గూడని ముంచుతారు, ఒళ్ళు వెనక్కి వాల్చి ఒక్కసారిగా లేపుతారు, పైకొచ్చాక అడుగు తాడు బిగించి కాలువలోకి బోర్లిస్తారు. ఇద్దరిలో బలమైనవాడు తన బలమంతా చూపిస్తే గూడ అతని వైపు వాలి నీళ్ళు మళ్ళీ గుంటలోనే పడతాయి. అందుకే అతను తగ్గించుకుని లాగుతాడు. ఆ తగ్గింపుని కొలిచి బద్ధకం అని పేరు పెడితే, పని ఎలా జరుగుతుందో చూడనట్టే.

దుంగ కోసే పెద్ద రంపమూ అంతే. ఒకరు లాగుతుంటే రెండోవారు చెయ్యి వదులు చెయ్యాలి. ఆ సమయంలో నెట్టితే రేకు వంగిపోతుంది. దూరం నుంచి చూసేవాడికి రెండో మనిషి ఊరికే ఉన్నట్టు కనిపిస్తాడు. 2006లో రీడ్, పెష్కిన్ బృందం ఒకే హ్యాండిల్ రెండు చివరలా ఇద్దరిని పెట్టి తిప్పించింది. జంటలు ఒంటరివాళ్ళకన్నా వేగంగా గురికి చేరాయి. చాలా జంటల్లో ఒకరు వేగం అందుకునే పని, ఇంకొకరు ఆపే పని తీసుకున్నారు. మాట్లాడుకోకుండానే పంచుకున్నారు. పాల్గొన్నవాళ్ళలో కొందరికేమో అవతలివాడు అడ్డమే అనిపించిందట! పక్కవాడి వల్ల పని చెడుతోందనే మన నమ్మకం ఎంత గట్టిదో చూడండి.

"ఒకడు చెప్పాలి, ఒకడు వినాలి." బీరువాని మెట్లెక్కించేటప్పుడు నిజమే, దారి కనిపించేవాడు చెబుతాడు. మలుపు తిరిగాక ఇంకొకడికి కనిపిస్తే అతను చెబుతాడు. ఒకే రోట్లో రెండు రోకళ్ళతో దంచే ఆడవాళ్ళలో అదీ ఉండదు. ఒకరి పోటు చప్పుడే రెండోవారికి సమయం చెబుతుంది.

పని రానివాడితో కలిస్తే వచ్చినవాడు చెడిపోతాడన్నదానికి 2014లో గణేశ్, తకాగి, బుర్డె బృందం ప్రయోగం చూడాలి. కదిలే గురిని చేతితో వెంటాడే ఇద్దరిని, వాళ్ళకి తెలియకుండా, రోబో యంత్రాల ద్వారా, రబ్బరులా సాగే బంధంతో కలిపారు. తనకన్నా తక్కువ నేర్పున్నవాడితో కలిసినవాళ్ళూ మెరుగయ్యారు. బస్తా మోయడం వేరే పని, ఈ ఫలితాన్ని దానికి యథాతథంగా అతికించను. కానీ "కలపకూడదు" అనే కట్టడికి ఆధారం మాత్రం ఇందులో లేదు.

మా దగ్గర ధాన్యం బస్తా 75–80 కిలోలు. పెద్ద మగమనిషి మోతకి 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. ఇద్దరు ఎత్తితేనే ఆ బస్తా మూడోవాడి నెత్తికెక్కుతుంది. ఈ పోస్టు చూపించి ఆ ఇద్దరిలో ఒకరిని తీసెయ్యమని ఎవరైనా మేస్త్రీకి చెబితే, 93 అనే అంకె ఎక్కడుందో చూపించి, ఆ మనిషిని అక్కడే ఉంచమనండి.