మిజో కొండల పాత బాకీ

1986 జూన్ 30న ఢిల్లీలో కుదిరిన మిజో ఒప్పందానికి నలభై ఏళ్లు నిండుతున్నాయి. స్వతంత్ర భారతంలో ఒక సాయుధ తిరుగుబాటు చర్చలతో ముగిసి, మళ్లీ తలెత్తని సందర్భం ఏదంటే అందరూ చూపేది ఈ ఒప్పందాన్నే. ఇరవై ఏళ్లు అడవుల్లో, సరిహద్దు దాటి తూర్పు పాకిస్తాన్‌లో, బర్మా అరకాన్‌లో తలదాచుకుంటూ పోరాడిన మిజో నేషనల్ ఫ్రంట్ అధినేత లాల్‌డెంగా దానిపై సంతకం చేశారు. ఆయనకు దారి ఇచ్చేందుకు అప్పటి కాంగ్రెస్ ముఖ్యమంత్రి లాల్ థన్‌హావ్లా కుర్చీ దిగారు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 20న మిజోరం రాష్ట్రమైంది. పదవిలో ఉన్నవాడు శాంతి కోసం దాన్ని వదులుకోవడం మన రాజకీయాల్లో అరుదైన విషయం గనుక ఆ ఘనత ఎవరికి దక్కాలో వారికి దక్కాల్సిందే. అయితే ఆ ఇరవై ఏళ్లలో కొండల్లోని సామాన్య జనానికి రాజ్యం చేసిన దానికి జవాబు చెప్పే ఊసు ఆ సంధిలో లేదు. బస్తర్ అడవుల్లో మావోయిస్టులపై అంతిమ విజయం గురించి ప్రకటనలు వెలువడుతున్న కాలంలో, మిజోల విషయంలో తీరకుండా మిగిలిన ఆ బాకీని గుర్తుచేయడం అవసరమని మేము భావిస్తున్నాం.

తిరుగుబాటు మూలాలు ఆకలిలో ఉన్నాయి. మిజో కొండల్లో దాదాపు అర్ధశతాబ్దానికోసారి వెదురు పూస్తుంది, ఆ కాయలు తిని ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి, పెరిగిన ఎలుకలు పంటను ఊడ్చేస్తాయి. మౌతం అని మిజోలు పిలిచే ఆ కరువు రాబోతోందని పెద్దలకు తెలుసు. జిల్లా మండలి 1958లోనే హెచ్చరించి సాయం అడిగింది. అప్పట్లో ఆ కొండలను పాలించిన అస్సాం ప్రభుత్వం దాన్ని కొండవాళ్ల మూఢనమ్మకంగా కొట్టిపారేసింది. 1959లో కరువు రానే వచ్చింది. ఆకలిగొన్న పల్లెలకు బియ్యం మోయడానికి పుట్టిన కరువు సహాయ సంఘమే 1961లో మిజో నేషనల్ ఫ్రంట్‌గా మారింది. ఈలోగా అస్సామీని అధికార భాష చేయడం మరింత ఆజ్యం పోసింది.

1966 ఫిబ్రవరి 28 రాత్రి ఫ్రంట్ సాయుధులు ఐజ్వాల్, లుంగ్లే తదితర చోట్ల ఒకేసారి దాడులు చేసి, ఖజానా దోచి, మరునాడు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఐజ్వాల్‌లోని అస్సాం రైఫిల్స్ స్థావరాన్ని ముట్టడించారు. ఇలాంటి దాడిని ఏ ప్రభుత్వమూ చేతులు కట్టుకుని చూడదు, చూడనక్కరలేదు కూడా. కానీ మార్చి 5న జరిగింది వేరు. ఇందిరాగాంధీ ప్రధాని అయి అప్పటికి ఆరు వారాలే. వైమానిక దళ విమానాలు ఐజ్వాల్ మీదికి వచ్చి మిషన్‌గన్లతో కాల్చాయి, ఆపై నిప్పు బాంబులు కురిపించాయి. పట్నంలోని పేటలకు పేటలే కాలిపోగా జనం లోయల్లోకి, అడవుల్లోకి పరుగెత్తారు. సొంత పౌరుల మీద, సొంత గడ్డ మీద దేశం వైమానిక దాడి చేయడం అదే మొదటిసారి. విమానాలు సైనికులనూ సరుకులనూ దించడానికే వెళ్లాయని ప్రభుత్వం చెప్పుకుంది. స్వయంగా వెళ్లి చూసివచ్చిన కొండప్రాంత శాసనసభ్యులు అస్సాం శాసనసభలో బాంబుల సంగతి బయటపెట్టినా ఆ వివరణ మారలేదు.

బాంబుల గురించి కనీసం అప్పుడప్పుడైనా చర్చ జరుగుతుంది. అంతకన్నా లోతుగా మిజోల బతుకును మార్చేసింది 1967 జనవరిలో మొదలైన పల్లెల తరలింపు. తిరుగుబాటుదారులకు అన్నం పెట్టేది, కబురు చేరవేసేది పల్లె గనుక ఆ పల్లెనే లేకుండా చేస్తే సరిపోతుందన్నది దాని వెనుక ఉన్న లెక్క. ఇది మనవాళ్లు కనిపెట్టినది కాదు. 1950 నుంచి మలయాలో బ్రిటిష్ సైన్యం దాదాపు అయిదు లక్షల మందిని, ఎక్కువగా చైనీయులను, కంచెలు వేసిన కొత్త ఊళ్లకు తరలించి కమ్యూనిస్టు గెరిల్లాలను ఒంటరి చేసింది. వలస పాలకుల ఆ పుస్తకాన్నే తెరిచి, భారత రక్షణ నిబంధనల పేరిట, స్వతంత్ర దేశపు సైన్యం తన పౌరుల మీద అమలు చేసింది. సిల్చర్ నుంచి ఐజ్వాల్ మీదుగా లుంగ్లే వెళ్లే రోడ్డు పక్కన మొదటి విడతగా 18 కేంద్రాలు వెలిశాయి. వాటికి పెట్టిన పేరు రక్షిత ప్రగతి గ్రామాలు. మొత్తం 764 ఊళ్లలో 516 ఊళ్లను ఖాళీ చేయించి 110 కేంద్రాల్లో కుక్కారు. కొండల జనాభాలో దాదాపు ఎనభై శాతం మంది తమ ఇల్లూ వాకిలీ వదిలి కంచెల మధ్యకు చేరారు.

దార్జో అనే ఊరి కథ ఆ పని చేసిన సైనికాధికారి చెప్పగా నమోదైంది. బాగా కలిగిన ఊరు అది. మోసుకోగలిగినంత మోసుకుని, సాయంత్రం ఏడు గంటలకు ఊరివాళ్లే తమ ఇళ్లకు నిప్పు పెట్టుకోవాలని, మోయలేని ధాన్యాన్ని తగలబెట్టాలని ఆయనకు వచ్చిన ఆదేశం. ధాన్యం తగలబెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. ఊరి పెద్దను పిలిచి, మూడు గంటల్లో గుహల్లో దాచుకోమన్నాడు. వాళ్లు దాచుకున్నారు. చీకటి పడ్డా నిప్పు పెట్టడానికి మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు. సైనికులు ఇంటింటికీ వెళ్లి జనాన్ని బయటకు తెచ్చారు. చివరికి ఆ అధికారే కాగడా వెలిగించి మొదటి ఇంటికి అంటించాడు. ఆడవాళ్లు శాపనార్థాలు పెట్టారు, పిల్లలు ఏడ్చారు, మగవాళ్లు నోరు మెదపలేదు. ఒక చిన్నపిల్ల మండుతున్న ఇంట్లోకి పరుగెత్తి పిల్లికూనను ఎత్తుకొచ్చింది. ఆ రాత్రే అందరినీ నడిపించుకుని నాథియాల్ కేంద్రానికి చేర్చారు. అక్కడ ఊరి పెద్దల ముందు రెండు కాగితాలు పెట్టారు. తిరుగుబాటుదారుల వేధింపులు తాళలేక తామే తరలించమని కోరామన్నది ఒక కాగితం సారాంశం. తమ ఊరిని తామే తగలబెట్టుకున్నామని, సైన్యం బలప్రయోగం చేయలేదని రెండో దానిలో ఉంది. పెద్దలు ఒప్పుకోలేదు. పిస్తోలు చూపించాక సంతకాలు పడ్డాయి.

ఆ రెండు కాగితాలూ ఆ కాలపు పాలనను పట్టి ఇస్తాయి. నిప్పు పెట్టడంతో పని పూర్తి కాలేదు, కాలిపోయినవాడి చేతే ఆ నేరాన్ని రాయించుకోవాలి. ఆ తర్వాత ఏ దస్త్రం తిరగేసినా ప్రజలు స్వచ్ఛందంగా వచ్చారనే ఉంటుంది. ఇంత జాగ్రత్తగా తయారైన దస్త్రాలను ఆధారంగా చేసుకుని చరిత్ర రాయబోతే ఏం మిగులుతుందో ఊహించవచ్చు.

కంచెల లోపల గుర్తింపు కార్డులు, లెక్కింపులు, రాత్రి కర్ఫ్యూ. మిజోలది పోడు సేద్యం. పొలం ఏటేటా మారుతుంది, కొన్ని మైళ్ల దూరంలో ఉంటుంది, పంట కాపు కాయడానికి రాత్రిళ్లు అక్కడే ఉండాల్సి వస్తుంది. ఉదయం తలుపు తీసి సాయంత్రం మూసే చోట ఆ సేద్యం సాగదు. తమ తిండి తాము పండించుకున్న జనం రేషన్ బియ్యం వరుసల్లో నిలబడాల్సి వచ్చింది. వ్యవహారం గౌహతి హైకోర్టుకు వెళ్లిన మీదట 1970లో చివరి విడత తరలింపులకు బ్రేకు పడింది గానీ, అప్పటికే ఖాళీ అయిన ఊళ్లు చాలావరకు మళ్లీ నిలవలేదు.

తిరుగుబాటుదారుల చేతులు శుభ్రంగా ఉన్నాయని మేము అనడం లేదు. కబుర్లు చేరవేస్తున్నారన్న అనుమానంతో సొంత జనాన్ని చంపారు. 1975 జనవరిలో ఐజ్వాల్ పోలీసు కార్యాలయంలోనే ఐజీని, మరో ఇద్దరు అధికారులను కాల్చేశారు. ఆ మాటకొస్తే తరలింపుతో తిరుగుబాటు ముగిసిందన్న వాదన కూడా నిలవదు. తరలింపులు ఆగిన పదహారేళ్లకు గానీ సంధి కుదరలేదు. మధ్యలో జరిగిన ఒక పని మాత్రం ఎక్కువ ఫలితమిచ్చిందని మా అభిప్రాయం. భారత సైన్యంలో బ్రిగేడియర్‌గా రిటైరైన థెన్‌ఫుంగా సైలో 1974లో ఐజ్వాల్‌లో మానవ హక్కుల సంఘం పెట్టి, సైన్యం చేతిలో జనం పడిన బాధలను రాతపూర్వకంగా సేకరించి ఢిల్లీకి పంపారు. తుపాకీ పట్టకుండా ఫిర్యాదు చేసే దారి ఒకటి ఉందని, అది సైనికుడే చూపించగలడని మిజోలకు అప్పుడు తెలిసింది. ఆయన 1978లో ముఖ్యమంత్రి అయ్యారు.

సంధి కుదిరిన తర్వాతా మార్చి 5ను మిజోలు మరువలేదు, ఏటా స్మరించుకుంటూనే ఉన్నారు. 2023 ఆగస్టులో అవిశ్వాస తీర్మానంపై మాట్లాడుతూ ప్రధాని నరేంద్ర మోదీ లోక్‌సభలో ఈ దాడిని ప్రస్తావించినప్పుడు ఒక అవకాశం వచ్చింది. కానీ అది కాంగ్రెస్‌పై విసిరిన బాణంగానే మిగిలింది. కాంగ్రెస్ నాటి అవసరాన్ని సమర్థించుకోవడంలో పడింది, విమానాలు నడిపింది ఎవరన్న వివాదం కొన్నాళ్లు నడిచింది. ప్రభుత్వాలు మారినా రాజ్యం ఒక్కటే గనుక, ఆ రాజ్యం పేరున క్షమాపణ చెప్పే అధికారం ఆ రోజు సభలో నిలబడిన వ్యక్తి చేతిలోనే ఉంది. ఆయన దాన్ని వాడుకోలేదు.

ఇదంతా ఈశాన్యంలో ఎక్కడో జరిగిన పాత కథ అనుకోవడానికి వీల్లేదు. మిజోరంలోని వైరెంగ్టేలో సైన్యం నడిపే జంగిల్ యుద్ధ శిక్షణ పాఠశాలకు అధిపతిగా పనిచేసిన బ్రిగేడియరే 2005లో ఛత్తీస్‌గఢ్ కాంకేర్‌లో పోలీసులకు అలాంటి కళాశాలను స్థాపించి నడిపారు. అదే ఏడాది జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు జనాన్ని దూరం చేసే పేరుతో వందలాది పల్లెల వారిని దోర్నపాల్, ఎర్రబోరు, కొంటా వంటి రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. రానివారి ఇళ్లు తగలబడ్డాయి. ఇక్కడా ప్రభుత్వం చెప్పింది ఒక్కటే, జనం స్వచ్ఛందంగా వచ్చారని. 2006 జులైలో మావోయిస్టులు ఎర్రబోరు శిబిరం మీద పడి ముప్పై మందికి పైగా ఆదివాసీలను చంపారు. మిజో కొండల్లో సైన్యం చేసిన పనిని దండకారణ్యంలో గిరిజన యువకుల చేతికే తుపాకులిచ్చి చేయించడం ఒక్కటే తేడా. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. పద్నాలుగేళ్ల తర్వాత, అదే సుదర్శన్ రెడ్డి పోటీచేసిన ఉపరాష్ట్రపతి ఎన్నికల వేళ, ఆ తీర్పే లేకుంటే నక్సలిజం ఎప్పుడో ముగిసేదని కేంద్ర హోంమంత్రి అమిత్ షా విమర్శించారు. తీర్పును తప్పుపట్టే హక్కు ఆయనకుంది. తీర్పు వెనుక ఉన్న కాలిపోయిన ఇళ్ల గురించి ఒక్క మాట చెప్పి ఉంటే ఆ విమర్శకు బరువు వచ్చేది.

2025లో పరిణామాలు వేగంగా సాగాయి. ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ సరిహద్దున కర్రెగుట్టలపై ఇరవై ఒక్క రోజుల ఆపరేషన్‌లో 31 మంది మావోయిస్టులు, మే 21న అబూజ్‌మాడ్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటకు చెందిన నంబాల కేశవరావు, నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో ఆ పార్టీ సాయుధ నేత హిడ్మా మరణించారు. అక్టోబరులో ఆ పార్టీ అగ్రనేతలు మల్లోజుల వేణుగోపాల్, తక్కళ్లపల్లి వాసుదేవరావు వందలాది మందితో ఆయుధాలు అప్పగించారు. చర్చలకు సిద్ధమని మావోయిస్టులు లేఖలు రాసినా కేంద్రం ఒప్పుకోలేదు. లాల్‌డెంగాతో పదేళ్లకు పైగా విడతలుగా మాట్లాడిన రాజ్యానికి ఇక్కడ ఆ ఓపిక ఎందుకు లేకపోయిందో అడగవలసిందే, దశాబ్దాలుగా తుపాకీ తప్ప మరో దారి లేదన్న పార్టీ సైతం ఆ ప్రశ్నకు సగం జవాబుదారీ అయినప్పటికీ.

మా ఆందోళన మాత్రం అటూ ఇటూ కాని జనం గురించి. 2012 జూన్‌లో బస్తర్‌లోని సర్కెగూడలో మైనర్లతో సహా 17 మంది భద్రతా బలగాల కాల్పుల్లో చనిపోయారు. వారు మావోయిస్టులని ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ 2019లో తేల్చింది. అక్కడి ఎడెస్‌మెట్ట కాల్పులపై అదే న్యాయమూర్తి ఇచ్చిన నివేదిక సైతం ప్రభుత్వ కథనాన్ని తోసిపుచ్చింది. భద్రతా బలగాలపై మావోయిస్టులు చేసిన బుర్కాపాల్ దాడి కేసులో 121 మంది ఆదివాసీలు అయిదేళ్లు జైల్లో మగ్గాక 2022 జులైలో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఈ నివేదికల మీద, ఈ తీర్పు మీద బాధ్యులపై ఏ చర్య తీసుకున్నారో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం శాసనసభలో చెప్పాలి. యుద్ధం నడుస్తున్నంతకాలం భద్రతా బలగాల మనోధైర్యం దెబ్బతింటుందని వాయిదా వేశారు. యుద్ధం ముగిసిందని చెబుతున్నప్పుడు ఆ సాకు చెల్లదు.

మన ఇంటి ముందరి బాకీ మరొకటి ఉంది. సల్వాజుడుం మంటల నుంచి పారిపోయి గోదావరి దాటిన గొత్తికోయలు ఖమ్మం, వరంగల్ ఉమ్మడి జిల్లాల్లో, గోదావరి జిల్లాల ఏజెన్సీలో రెండు దశాబ్దాలుగా గుడిసెలు వేసుకుని బతుకుతున్నారు. కుల ధ్రువపత్రానికి తిప్పలు, పోడుకు పట్టా లేదు, గుడిసెలు కూలగొట్టడం మామూలు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు వివాదంలో ఒక అటవీ రేంజ్ అధికారి హత్యకు గురైనప్పుడు, చేసిన ఇద్దరి నేరం ఆ తెగ మొత్తానికి అంటింది. వారిని వెళ్లగొట్టాలని గ్రామసభ తీర్మానం దాకా వెళ్లింది. అటు కాలిన ఊరు, ఇటు పొమ్మనే ఊరు.

వీరిలో తిరిగి వెళ్లాలనుకునేవారెవరో, ఇక్కడే ఉండిపోవాలనుకునేవారెవరో మూడు రాష్ట్రాల ప్రభుత్వాలు కలిసి కుటుంబాల వారీగా అడిగి నమోదు చేయాలి. అడవి నుంచి అక్రమంగా తొలగించబడిన గిరిజనులకు ప్రత్యామ్నాయ భూమితో పునరావాసం కల్పించాలని 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ చెబుతోంది. కానీ ఆ హక్కు 2005 డిసెంబరు 13కు ముందు తొలగింపబడిన వారికే. సల్వాజుడుం మొదలైంది ఆ ఏడాది జూన్‌లో, గొత్తికోయల్లో ఎక్కువమంది గోదావరి దాటింది ఆ గడువు తేదీ తర్వాతే. అంటే అడవుల్లో అన్యాయాన్ని సరిదిద్దడానికి పార్లమెంటు చేసిన చట్టం ఆ అన్యాయం కళ్లెదుట జరుగుతున్న సమయంలోనే తలుపు మూసేసింది. ఆ ఒక్క తేదీని సవరించడానికి కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖకు ఏ ఆపరేషనూ అడ్డు కాదు, ఏ ఒప్పందమూ అక్కరలేదు. రానున్న పార్లమెంటు సమావేశాల్లోనే ఆ సవరణను తేవాలి.